మన పార్టీ కక్షలు పిల్లలకు అంటకుండా ఏం చేయాలి?

2024 జూన్ 4న ఓట్లు లెక్కించారు. అనంతపురంలో మా వీధిలో ఒక ఇంటి ముందు టపాకాయలు పేలుతుంటే పక్కింటి తలుపు మూసేసి ఉంది. ఆ వారంలోనే మా బాబు స్నేహితుడి పుట్టినరోజు వచ్చింది. రెండో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ. కొత్త చొక్కా తీసిపెట్టి రెడీ అవ్వమంటే, "నేను పోను మా, వాళ్ళు ఆ పార్టీ కదా" అన్నాడు. వాడికప్పుడు పదేళ్ళు.

ఇంత చిన్న పిల్లాడికి ఇదెవరు నేర్పారా అనుకున్నాను. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. వారం కిందట వంటింట్లో ఫోన్ మాట్లాడుతూ ఆ పిల్లాడి నాన్న గురించి నేనన్న మాటే అది. బాబు అక్కడే కూర్చుని బొరుగులు తింటున్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో చేసి చూసినవి, చెడగొట్టుకుని మళ్ళీ మొదలుపెట్టినవి ఇక్కడ రాస్తున్నాను. మాది ఏ పార్టీ అన్నది చెప్పను. మీది ఏదైనా చేయాల్సిన పనులు ఇవే.

మొదటి పని: ఒక వారం మీ ఇంటి మాటలు వినండి

ఏమీ మార్చకండి, ఎవరినీ సరిదిద్దకండి. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, టీవీ ముందు, ఫోన్లో, అరుగు మీద రాజకీయాల గురించి పెద్దవాళ్ళు అన్న మాటలను అన్నట్టే రాయండి. పక్కన ఆ సమయంలో పిల్లలెవరున్నారో రాయండి. మీ మాటలు ముందు రాయండి.

నాకు మూడు రోజుల్లో పేజీ నిండింది. "వాళ్ళు మనుషులేనా" అని ఒకటి. "వాళ్ళకు ఓటేసినోళ్ళకు బుద్ధి లేదు" అని ఇంకొకటి. "డబ్బులు తీసుకుని వేసుంటారు" అనేది ఎన్నిసార్లు వచ్చిందో. నన్ను ఎక్కువ కలవరపెట్టినవి వేరే రకం మాటలు. వాటిలో పైకి వినిపించేది పార్టీ పేరు, లోపల తిట్టేది కులాన్ని. కులం పేరు ఎక్కడా రాదు కాబట్టి మనకే పట్టుబడదు. "వాళ్ళ బుద్ధులే అంత" అన్నప్పుడు, ఆ "వాళ్ళు" ఎవరని ఆగి అడుక్కుంటే తెలుస్తుంది. పిల్లలకు అడుక్కోకుండానే తెలిసిపోతుంది. బడిలో ఎవరి పక్కన కూర్చోవాలో వాళ్ళు అలాంటి మాటల నుంచే తేల్చుకుంటారు.

వారం అయ్యాక ఆ పేజీ మీరూ మీ ఆయనా, లేదా మీరూ మీ ఆవిడా, పిల్లలు నిద్రపోయాక కూర్చుని చదవండి. ఇద్దరూ కలిసి రెండు మూడు మాటలు ఎంచుకుని, అవి ఇకపై ఇంట్లో అనకూడదనుకోండి. అన్నీ ఒకేసారి మానాలనుకుంటే ఒక్కటీ మానలేరు.

రెండో పని: కక్షను, అభిప్రాయాన్ని విడదీయండి

దీనికి ఎక్కువ ఓపిక కావాలి. మన సీమ పల్లెల్లో "పార్టీ" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఎన్నికల్లో గుర్తు మీద నిలబడేది ఒకటి. ఊళ్ళో ఉన్న రెండు వర్గాల్లో ఏదో ఒకటి ఇంకొకటి. ఈ రెండో పార్టీకి జెండాతో పనే లేదు. వాళ్ళు ఒక జెండా పడితే మనం ఇంకొకటి పడతాం. వాళ్ళు జెండా మారిస్తే మనమూ మారుస్తాం. పెళ్ళి పిలుపులు, టీ అంగడి, పొలం దారి అన్నీ దాని ప్రకారమే నడుస్తాయి. పిల్లలకు మనం ఇస్తున్నది రాజకీయ అభిప్రాయం అనుకుంటాం. ఎక్కువసార్లు ఇస్తున్నది ఈ రెండో పార్టీనే.

మా మామది ఉరవకొండ వైపు పల్లె. ఫలానా ఇంటివాళ్ళతో మాట్లాడకూడదని మా పెళ్ళయిన కొత్తలోనే నాకు చెప్పారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఒకరోజు బాబును పక్కన కూర్చోబెట్టుకుని మామనే అడిగాను. వాటా బావి దగ్గర మోటారు వంతు కోసం గొడవట. కొట్టుకున్న నలుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ బావి కూడా ఎండిపోయి చాలా కాలమైంది. మామ కథ చెప్పి కాసేపు ఏమీ మాట్లాడలేదు. బాబు మాత్రం, "అయితే వాళ్ళ మనవడికి ఆ సంగతి తెలుసా తాతా?" అని అడిగాడు.

మీరూ ఇలాగే చేయండి. పాత పగ ఏదైనా ఉంటే దాచకండి. దాని ఊరు, సంవత్సరం, కారణం, అందులో ఉన్న మనుషుల పేర్లతో సహా చెప్పండి. పేర్లతో చెప్తే అది కొందరు మనుషుల మధ్య జరిగిన ఒక గొడవగా మిగులుతుంది. చెప్పకపోతే "వాళ్ళంతా అంతే" అయి కూర్చుంటుంది. మీ ఇంట్లో ప్రాణనష్టం జరిగి ఉంటే ఇది అంత తేలిక కాదని నాకు తెలుసు. అప్పుడు తొందరపడొద్దు. పిల్లలు పెద్దయ్యాకే చెప్పండి. అప్పటిదాకా "తర్వాత చెప్తాను" అనండి, అంతే. శాపనార్థాలు మాత్రం పెట్టొద్దు.

తొమ్మిది పదేళ్ళు దాటిన పిల్లలుంటే ఒక లెక్క చేయించండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 14 అసెంబ్లీ స్థానాలు. 2014లో తెలుగుదేశానికి 12, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 2. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 12, తెలుగుదేశానికి 2. 2024లో 14కు 14 తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికే వచ్చాయి. పదేళ్ళలో ఇంతమంది మనసు మార్చుకున్నారే, వీళ్ళంతా ద్రోహులా అని అడగండి. మా బాబు ఎదురు ప్రశ్న వేశాడు: "మనం ఎప్పుడన్నా మారినామా?" నేను ఒకసారి మారాను. ఆ మాట చెప్పి, ఎందుకు మారానో కూడా చెప్పాను.

తర్వాత రాష్ట్రం మొత్తం లెక్క చూపించండి. 2019లో తెలుగుదేశానికి 175లో 23 స్థానాలే వచ్చాయి, కానీ ఓట్లు నూటికి 39 దాకా పడ్డాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చింది 11 స్థానాలు, దానికీ ఓట్లు నూటికి 39 దాకా పడ్డాయి. అంటే ఊరంతా ఒకవైపే ఉందని మనకు అనిపించిన రెండుసార్లూ, పదిమందిలో నలుగురు దాకా ఆ ఓడిన పార్టీకే ఓటేశారు. వీధిలో పది ఇళ్ళు లెక్కపెట్టించి, ఇందులో ఏ నాలుగు ఇళ్ళవాళ్ళు చెడ్డవాళ్ళో చెప్పమనండి. మనకు పాలు పోసే ఇల్లు, రాత్రిపూట ఆస్పత్రికి ఆటో తెచ్చిన ఇల్లు, ట్యూషన్ చెప్పే అక్క ఇల్లు, అన్నీ ఆ పదిలోనే ఉంటాయి.

మూడో పని: మీ అభిప్రాయం చెప్పండి, కారణంతో సహా

కొందరు తల్లిదండ్రులు ఈ గొడవంతా ఎందుకని ఇంట్లో రాజకీయాలు మాట్లాడటమే మానేస్తారు. నేనూ కొన్నాళ్ళు ఆ పని చేశాను. అది పని చేయదు. మనం నోరు మూసుకుంటే ఆ ఖాళీలోకి ఫోన్ వస్తుంది. అందుకని మాట్లాడండి. మాట్లాడేటప్పుడు ప్రతి అభిప్రాయానికీ ఒక "ఎందుకంటే" తగిలించండి. తగిలించలేకపోతే అది అభిప్రాయం కాదు, కోపం. "నాకు కోపంగా ఉంది, కారణం సరిగ్గా చెప్పలేను" అని పిల్లల ముందు ఒప్పుకోవడం చిన్నతనమేమీ కాదు.

రెండో అలవాటు, మనకు నచ్చని పార్టీ చేసిన మంచి పని ఒకటి పేరు పెట్టి చెప్పడం. రెండు రూపాయలకు కిలో బియ్యం 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఇచ్చింది. ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా చట్టం చేసిందీ ఆయన ప్రభుత్వమే. 108 అంబులెన్స్ 2005లో, ఆరోగ్యశ్రీ 2007లో వైఎస్ ప్రభుత్వ కాలంలో వచ్చాయి. మీరు ఏ వైపు వారైనా వీటిలో ఒకటి చెప్పేటప్పుడు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అయినా చెప్పండి. ఆ తర్వాత మీకు నచ్చిన పార్టీ చేసిన తప్పు ఒకటి కూడా అంతే స్పష్టంగా చెప్పండి.

మన జిల్లా పిల్లలకు హంద్రీ-నీవా మంచి పాఠం. కాలువ గట్టు మీదికి తీసుకెళ్ళి "ఈ నీళ్ళు ఎవరు తెచ్చారు?" అని అడగండి. ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్తారు. ఎన్టీఆర్ కాలంలో పథకంగా రూపుకొచ్చింది. వైఎస్ కాలంలో జలయజ్ఞం కింద పనులు ఊపందుకున్నాయి. ఆయన పోయిన తర్వాత, 2012లో జీడిపల్లి జలాశయానికి నీళ్ళు చేరాయి. తర్వాతి ప్రభుత్వాలూ తలా కొంత పని చేశాయి. శ్రీశైలం వెనక నీళ్ళను మల్యాల దగ్గర ఎత్తిపోసి, మెట్లు మెట్లుగా పైకి పంపి, మన కరువు నేల దాకా తేవడం ఒక్క మనిషి వల్ల, ఒక్క ఐదేళ్ళలో అయ్యే పని కాదని పిల్లలకు ఆ గట్టు మీద నిలబడితే అర్థమవుతుంది. ఆ కాలువకు భూమి ఇచ్చిన రైతులు ఎవరైనా తెలిస్తే వాళ్ళతో కూడా మాట్లాడించండి. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు.

నాలుగో పని: ఫోన్లో వచ్చినదాన్ని కలిసి చూడండి

ఫోన్ లాక్కుంటే లాభం లేదు. ఇంటి వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఒక వీడియోను వారానికొకటి చొప్పున పిల్లలతో కలిసి చూడండి. ఇది ఎప్పటిది, ఎక్కడిది, ముందూ వెనకా కోసేశారా అని వాళ్ళనే వెతకమనండి. వాళ్ళు మనకన్నా వేగంగా వెతుకుతారు. మనకు నచ్చిన పార్టీని పొగిడే వీడియోతోనే మొదలుపెట్టండి. అవతలివాళ్ళ అబద్ధాలు మాత్రమే పట్టుకోవడం నేర్పితే అది కూడా కక్షే.

పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలకు ఇంకొక పని. ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, చదువు, తన మీదున్న కేసులు ప్రమాణపత్రంలో రాసివ్వాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అవి ఎవరైనా చూడవచ్చు. మీ నియోజకవర్గం అభ్యర్థుల పత్రాలు ప్రింట్ తీయించి, పేరు, పార్టీ ఉన్నచోట తెల్ల కాగితం అంటించి పిల్లలకు ఇవ్వండి. ముందు కాగితాలు చదివి ఎవరిని ఏం అడగాలనుకుంటున్నారో రాయమనండి. తర్వాత అంటించిన కాగితం తీయండి. మా పాప అడగాలనుకున్న ప్రశ్నల్లో చాలా కఠినమైనది, తీరా చూస్తే, నేను ఓటేసిన అభ్యర్థికి. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఐదో పని: అవతలి పక్షాన వాదించమనండి

ఆదివారం ఉగ్గాని తిన్నాక అరగంట చాలు. విషయం ఒకటి పెట్టి పిల్లలను చెరో వైపు వాదించమనండి. పావుగంట కాగానే వైపులు మార్చండి. మార్చడమే ముఖ్యం, మార్చకపోతే అది మామూలు పోట్లాట.

మేము మొదట ఎంచుకున్నది హైకోర్టు కర్నూలులో ఉండాలా అన్నది. సీమలో పుట్టిన పిల్లలకు ఉండాలని వాదించడం చాలా తేలిక. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కుదిరిన ఒప్పందం ఉంది. రాజధాని, హైకోర్టుల్లో సీమవాళ్ళు ఏది కోరుకుంటే అది సీమకు ఇవ్వాలన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్ళింది. 1956లో రెండూ హైదరాబాదుకు పోయాయి. పాప ఇవన్నీ గడగడా చెప్పింది. వైపు మారమనేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మన ఊరికి వ్యతిరేకంగా ఎట్లా మాట్లాడేది మా?" అంది. శ్రీకాకుళంలో నీ వయసు పిల్ల ఒకతె ఉంటుంది, వాళ్ళ నాన్నకు భూమి కేసు ఉంటుంది, ఆయన కర్నూలు రావాలంటే ఎంత దూరమో మ్యాపులో చూడు అన్నాను. చూసింది. పావుగంటకు పది నిమిషాలు ఎక్కువే మాట్లాడింది. ఆమె అభిప్రాయం మారలేదు, హైకోర్టు కర్నూలుకే రావాలంటుంది. కానీ ఇప్పుడు ఆ మాట అనేటప్పుడు శ్రీకాకుళం వాళ్ళకు ఏం ఏర్పాటు చేయాలో కూడా చెప్తుంది.

ఆరో పని: ఇంట్లో పెద్దవాళ్ళు

పిల్లల ముందు వాళ్ళను సరిదిద్దకండి. తాత మాటను అమ్మ కొట్టిపారేస్తే, పెద్దవాళ్ళను కాదనడమే స్వతంత్రంగా ఆలోచించడం అనుకుంటారు. నేను మామతో విడిగా, ఒక్క మాటే అడిగాను. "మామా, మీరు చూసినవి చెప్పండి. వాళ్ళని తిట్టేది మాత్రం పిల్లలు లేనప్పుడు పెట్టుకుందాం." మొదట అలిగారు. రెండు వారాలు టీవీ ముందు మాట్లాడకుండా కూర్చున్నారు. తర్వాత తానే బాబును పిలిచి, తమ చిన్నప్పుడు ఎన్నికల మనుషులు ఊళ్ళోకి ఎడ్లబండి మీద ఎట్లా వచ్చేవాళ్ళో చెప్పడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళ దగ్గర తిట్లకన్నా విలువైన సరుకు చాలా ఉంటుంది. అడిగే ప్రశ్న మార్చితే అది బయటికి వస్తుంది.

కొన్ని చిన్న జాగ్రత్తలు. పుట్టినరోజు ఫ్లెక్సీలో పిల్లల ఫోటో పక్కన నాయకుడి ఫోటో వేయించకండి. పిల్లల చేతికి జెండా ఇచ్చి ర్యాలీలకు తీసుకెళ్ళకండి. పార్టీలు ప్రచారంలో పిల్లలను వాడకూడదని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో గట్టిగా ఆదేశించింది. నాయకులు చెప్పేది వినాలని పిల్లలకు ఉంటే, రెండు పార్టీల సభలూ చూపించండి, జెండా లేకుండా, వెనక నిలబడి. అవతలి పార్టీ అనుకునే ఇంటికి మీరే ముందు వెళ్ళండి. నేను వెళ్ళాను. పుట్టినరోజు దాటిపోయింది, అయినా చెనక్కాయల ఉంటలు డబ్బాలో పెట్టుకుని బాబుతో కలిసి వెళ్ళాను. ఆ పిల్లాడి నాన్నే తలుపు తీశాడు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. పిల్లలు మాత్రం అప్పటికే బ్యాటు తీసుకుని సందులోకి పోయారు.

చివరిది: మీ బిడ్డ మిమ్మల్ని కాదన్న రోజు

ఇవన్నీ సరిగ్గా చేస్తే ఆ రోజు తప్పక వస్తుంది. దానికి ముందే సిద్ధంగా ఉండండి. ఆ నిమిషంలో మన నోటికి వచ్చే మొదటి మాట "ఎవరు నేర్పినారు నీకు?" అని. అది అనకండి. నీకు సొంతంగా ఆలోచన రాదని చెప్పినట్టు అవుతుంది. "చెప్పు, ఎందుకట్లా అనిపించింది?" అనండి. చెప్పినదాంట్లో తప్పు ఉంటే ఆ తప్పు గురించే మాట్లాడండి. ఒప్పు ఉంటే ఒప్పుకోండి. ఆ రాత్రి అన్నం ఎప్పటిలాగే పెట్టండి, మాటలు ఎప్పటిలాగే కలపండి. అమ్మ మూతి ముడుచుకుంటే చాలు, మరుసటి రోజు నుంచి బిడ్డ మనకు నచ్చే జవాబులే చెప్తుంది. దేన్నైనా అనవచ్చని కాదు. ఒక కులాన్నో మతాన్నో కించపరిచే మాట అంటే ఆపండి, అది మనకు నచ్చిన పార్టీ మాటైనా సరే.

పిల్లల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు, సొంతంగా ఆలోచించే స్వేచ్ఛ పిల్లలకు ఉన్నాయని అందులో రాసుంది. తల్లిదండ్రులు దారి చూపవచ్చు, బిడ్డ ఎదుగుతున్న కొద్దీ దానికి తగ్గట్టు చూపాలి అని కూడా ఉంది. నాకు ఆ "ఎదుగుతున్న కొద్దీ" అన్నది బాగా నచ్చింది. ఆరేళ్ళప్పుడు చెయ్యి పట్టుకుంటాం, పదహారేళ్ళప్పుడు పక్కన నడుస్తాం.

పదిహేడేళ్ళు నిండగానే ఓటరు నమోదుకు ముందుగా దరఖాస్తు చేయవచ్చు. అది ఫారం 6. మీరు నింపకండి, పక్కన కూర్చుని వాళ్ళతోనే నింపించండి. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 1989లోనే అని చెప్పండి. ఓటేసి వచ్చాక "ఎవరికేశావ్?" అని అడగకండి, సరదాకు కూడా. ఎవరికి ఓటేశావని కోర్టులో సాక్షిని సైతం బలవంతంగా చెప్పించకూడదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. కోర్టు అడగనిది మనం అన్నం దగ్గర అడగకూడదు.

మా పాప ఫారం నింపిన నెలలోనే ఒక పార్టీ కుర్రాడు జాబితా పట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు. "అక్కా, మీ ఇంట్లో ఎన్ని ఓట్లు?" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్నకు మా ఇంట్లో మామ ఒక్కరే, బుడ్డల మూటలు లెక్క చెప్పినట్టు, జవాబు చెప్తున్నారు. ఏ గుర్తుకు వేయాలో మా అత్తకు చెప్పేదీ ఆయనే. ఈసారి నేను చెప్పాను. "నలుగురం ఉన్నాం తమ్ముడూ, త్వరలో ఐదుగురం. ఎవరిది వాళ్ళనే అడుగు." మీ గడప దగ్గరికి వచ్చినప్పుడు మీరూ ఇలాగే చెప్పండి.

ఆ కుర్రాడు మామ వైపు చూశాడు. మామ ఏమీ అనలేదు. లోపల బియ్యం ఏరుతున్న మా అత్త చాట పక్కన పెట్టి, "అట్లయితే నన్ను కూడా వచ్చి అడగమను" అంది.